నాయుడు అనే పేరు, మన ఆటగాళ్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

క్రికెట్ గురించి రాసేటప్పుడు నాయుడు అనే పేరు వచ్చిన ప్రతిసారీ అవే డౌట్లు వస్తున్నాయి. వీళ్లంతా చుట్టాలా, ఇండియా మొదటి టెస్ట్ కెప్టెన్ సి.కె. నాయుడు పేరులో సి అంటే ఏంటి, అంబటి రాయుడు కూడా వీళ్లలో ఒకడేనా అని. ఒక్కొక్కరికీ విడిగా జవాబు చెప్పే బదులు అన్నీ ఒకచోట పెడుతున్నాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోవచ్చు, దేనికదే పూర్తిగా ఉంటుంది.

## ముందు పేరు సంగతి

నాయుడు అనేది ఇంటిపేరేనా?

స్కోర్‌కార్డ్ లెక్కలో అవును, మన లెక్కలో కాదు. ఇంగ్లీషు వాళ్ల పద్ధతిలో చివర ఉన్నదే సర్‌నేమ్, కాబట్టి లండన్‌లోని లార్డ్స్ గ్రౌండ్ స్కోర్‌బోర్డ్ మీద నాయుడు అని పడింది, పుస్తకాల్లోనూ అలాగే స్థిరపడింది. మనకి ఇంటిపేరు ముందొస్తుంది కదా. నారా చంద్రబాబు నాయుడు, ముప్పవరపు వెంకయ్య నాయుడు అన్నప్పుడు ఇంటిపేర్లు నారా, ముప్పవరపు. నాయుడు అనేది పేరు చివర వచ్చే గౌరవ బిరుదు లాంటిది, రెడ్డి, రావు, రాజు ఎలాగో అలా. ఇది తెలియకపోతే ఒకే సర్‌నేమ్ ఉన్న ఆటగాళ్లు అని లిస్టు వేసినప్పుడు సంబంధం లేని మనుషులంతా ఒక కుటుంబంలా కనిపిస్తారు, సొంత తండ్రీకొడుకులు మాత్రం పరాయివాళ్లలా కనిపిస్తారు.

నాయుడు అంటే అర్థం ఏంటి? రాయుడు కూడా అదేనా?

నాయుడు అంటే నాయకుడు. నాయక అనే మాట నుంచే వచ్చింది, మధ్యలో క జారిపోయింది. రాయుడు వేరు, అది రాయ అంటే రాజు అనే మాట నుంచి వచ్చింది, శ్రీకృష్ణదేవరాయలులో రాయలు ఉంది చూడండి, ఆ వరస. పలికితే దగ్గరగా ఉంటాయి కాబట్టి కలిపేస్తారు గానీ మూలం ఒకటి కాదు.

నాయుడు అని ఉంటే ఏ కులమో చెప్పేయొచ్చా?

చెప్పలేం. ఆంధ్రలో, తమిళనాడులో ఒకటి కంటే ఎక్కువ సమాజాల వాళ్లు ఈ బిరుదు పెట్టుకుంటారు, ప్రాంతాన్ని బట్టి కూడా మారుతుంది. ఆటగాళ్ల కులం గురించి కామెంట్లలో జరిగే గొడవలోకి నేను వెళ్లను. సి.కె. ఆట గురించి చెప్పుకోవడానికే బోలెడంత ఉంది, దానికే టైం చాలదు.

ఇంగ్లీషులో ఇన్ని స్పెల్లింగులు ఎందుకు?

అప్పట్లో ఎవరికి తోచినట్టు వాళ్లు రాశారు. సి.కె. కుటుంబం ఎన్-ఏ-వై-యు-డి-యు అని రాసింది, నిజానికి మనం పలికే దానికి అదే దగ్గర. ఇప్పుడు ఎక్కువగా కనిపించేది ఎన్-ఏ-ఐ-డి-యు. దక్షిణాఫ్రికాలో అయితే చివర రెండు ఓ-లు పెట్టి రాస్తారు. 1860 నుంచి మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి నేటాల్ చెరకు తోటలకి కూలీలుగా ఓడలెక్కి వెళ్లిన తెలుగు కుటుంబాల పేర్లు అక్కడ అలా స్థిరపడ్డాయి. మారిషస్‌లో కూడా ఈ పేరు ఉంది. స్పెల్లింగ్ వేరైనా మాట మనదే.

## సి.కె. నాయుడు గురించి

సి.కె.లో సి అంటే ఏంటి? కె అంటే ఏంటి?

కొఠారి కనకయ్య. కొఠారి ఇంటిపేరు, కనకయ్య అసలు పేరు. మరి క అక్షరానికి సి ఎందుకు అంటారా, ఆ రోజుల్లో ఇంగ్లీషులో మన క-కారాన్ని సి తోనే రాసేవాళ్లు. కాకినాడ, కడప, కళింగపట్నం పాత స్పెల్లింగులు చూడండి, అన్నీ సి తోనే మొదలవుతాయి. అదే అలవాటులో ఇంటిపేరుకి సి వచ్చింది, కనకయ్యకి మాత్రం కె వచ్చింది. అందుకే రెండూ ఒకే అక్షరంతో మొదలయ్యే పేర్లని చాలామందికి తట్టదు.

ఆయన తెలుగువాడేనా? నాగపూర్ అంటారు, ఇండోర్ అంటారు, ఏది నిజం?

అన్నీ నిజమే. 1895 అక్టోబర్ 31న నాగపూర్‌లో తెలుగు కుటుంబంలో పుట్టారు. ఇండోర్ సంస్థానాన్ని ఏలే హోల్కర్ మహారాజు పిలవడంతో అక్కడికి వెళ్లి అక్కడే స్థిరపడ్డారు, 1967 నవంబర్ 14న అక్కడే పోయారు. కాబట్టి నాగపూర్ వాళ్లు మావాడు అన్నా, ఇండోర్ వాళ్లు మావాడు అన్నా తప్పు లేదు. మన వైపు నుంచి చెప్పుకోవాల్సింది ఇంకొకటి ఉంది, చాలామందికి తెలీదు. ఆంధ్ర జట్టు రంజీ ట్రోఫీలో మొదటిసారి అడుగుపెట్టిన 1953-54 సీజన్‌లో ఆయన ఆంధ్ర తరఫున ఆడారు. అప్పటికి ఆయనకి 58 ఏళ్లు.

ఇండియా మొదటి కెప్టెన్ ఆయనేనా? మహారాజులు కదా కెప్టెన్లు?

టెస్టుల్లో మొదటి కెప్టెన్ ఆయనే. 1932 ఇంగ్లండ్ టూర్‌కి కెప్టెన్‌గా వెళ్లింది పోర్‌బందర్ మహారాజా, వైస్ కెప్టెన్ లింబ్డీ రాజకుటుంబం ఆయన. అప్పట్లో జట్టుని నడపడానికి రాజవంశం ఉండాలి అనుకునేవాళ్లు. టెస్ట్ మ్యాచ్ వచ్చేసరికి ఇద్దరూ పక్కకి తప్పుకున్నారు, పగ్గాలు సి.కె. చేతికొచ్చాయి. జూన్ 25న లార్డ్స్‌లో మొదలైన ఆ మ్యాచ్‌లో ఇంగ్లండ్ 19 పరుగులకే 3 వికెట్లు పోగొట్టుకుంది. చివరికి మనం 158 పరుగుల తేడాతో ఓడిపోయాం. ఫీల్డింగ్‌లో చేతికి దెబ్బ తగిలినా మొదటి ఇన్నింగ్స్‌లో మన జట్టులో అందరికంటే ఎక్కువ కొట్టింది సి.కె.నే, 40 పరుగులు. తర్వాత 1933-34లో జార్డిన్ కెప్టెన్‌గా ఇంగ్లండ్ జట్టు ఇక్కడికి వచ్చినప్పుడు మూడు టెస్టులకీ ఆయనే కెప్టెన్. మొత్తం 4 టెస్టుల్లో కెప్టెన్సీ అన్నమాట.

టెస్ట్ యావరేజ్ 25 మాత్రమే కదా, అంత గొప్పోడు అని ఎందుకంటారు?

ఈ ప్రశ్న ఎక్కువగా వస్తుంది, అడిగేవాళ్లు కూడా నెట్‌లో అంకెలు చూసి నిజాయితీగానే అడుగుతారు కాబట్టి కాస్త వివరంగా చెప్తాను. 7 టెస్టులు, 350 పరుగులు, యావరేజ్ సరిగ్గా 25, ఇది నిజం. కానీ మొదటి టెస్ట్ ఆడేసరికి ఆయనకి 36 ఏళ్లు. ఆయన మంచి ఊపులో ఉన్న రోజుల్లో ఇండియాకి టెస్ట్ హోదానే లేదు, ఫస్ట్‌క్లాస్‌లోకి, అంటే కొన్ని రోజులు సాగే పెద్ద స్థాయి మ్యాచ్‌ల్లోకి వచ్చింది 1916లో, అంటే టెస్ట్ కోసం 16 ఏళ్లు ఎదురుచూశారు. ఇప్పటి ఆటగాళ్లు చాలామంది 36 వచ్చేసరికి రిటైర్మెంట్ స్పీచ్ ఇస్తుంటారు.

అందుకే ఫస్ట్‌క్లాస్ రికార్డు చూడాలి. 207 మ్యాచ్‌లు, 11,825 పరుగులు, 26 సెంచరీలు, పైగా 411 వికెట్లు. 1932 టూర్‌లో ఫస్ట్‌క్లాస్ మ్యాచ్‌ల్లోనే 1,618 పరుగులు, 65 వికెట్లు. ఆ ఏడాది ఆట చూసే ఇంగ్లండ్ క్రికెట్ వార్షిక పుస్తకం విజ్డెన్ 1933లో ఏటా ఇచ్చే ఐదుగురు మేటి ఆటగాళ్ల గౌరవంలో ఆయన పేరు చేర్చింది. అంతకుముందు రంజిత్‌సిన్హ్‌జీ, దులీప్‌సిన్హ్‌జీ లాంటి వాళ్లకి అది వచ్చింది గానీ వాళ్లు ఇంగ్లండ్ తరఫున, కౌంటీల (అక్కడి జిల్లాల) తరఫున ఆడినవాళ్లు. ఇండియా జట్టుకి ఆడి తెచ్చుకున్న మొదటివాడు సి.కె.

ఇంకో సంగతి, అంకెల్లో దొరకనిది. 1926లో ఆర్థర్ గిల్లిగన్ ఇంగ్లండ్‌లోని ఎం.సి.సి. క్లబ్ జట్టుతో వచ్చాడు. బొంబాయి జింఖానాలో హిందూస్ అనే జట్టు తరఫున సి.కె. రెండు గంటల లోపే 153 కొట్టారు, అందులో 11 సిక్సర్లు. చుట్టుపక్కల మేడల మీద, చెట్ల మీద కూడా జనం ఎక్కి చూశారని చెప్తారు. ఎం.సి.సి. వాళ్లే ఆయనకి వెండి బ్యాట్ బహూకరించారు. ఇండియన్లు టెస్టులు ఆడగలరు అనే నమ్మకం గట్టిపడింది ఆ టూర్‌లోనే, 1928లో మన క్రికెట్ బోర్డు ఏర్పడింది, 1932లో టెస్ట్ వచ్చింది. ఆ 153 టెస్ట్ లెక్కల్లోకి రాదు. కానీ నా మటుకు నాకు ఆ ఇన్నింగ్స్ లేకుండా ఇండియన్ క్రికెట్ కథ మొదలెట్టడం కుదరదు, యావరేజ్ 25 అని కొట్టిపారేసే ముందు అదొక్కటి తలుచుకోండి.

ఒక సిక్స్ కొడితే బాల్ వేరే జిల్లాలో పడిందంట, నిజమా?

1932లో బర్మింగ్‌హామ్‌లోని ఎడ్జ్‌బాస్టన్‌లో ఆయన కొట్టిన సిక్స్ గ్రౌండ్ పక్కన పారే రియా నది దాటి వెళ్లిందని చెప్పుకుంటారు. అప్పట్లో ఆ నది వార్విక్‌షైర్‌కీ వోర్సెస్టర్‌షైర్‌కీ సరిహద్దు, అందుకే ఒక కౌంటీలో కొడితే ఇంకో కౌంటీలో పడింది అనే మాట పుట్టింది. అంతా టేపు పెట్టి కొలిచింది కాదు గానీ, ఇంగ్లండ్‌లోనే ఈ కథ ఇప్పటికీ చెప్పుకుంటున్నారంటే ఆ దెబ్బ మామూలుది అయ్యుండదు.

విజ్జీ కింద ఆడాల్సి వచ్చిందా? ఇద్దరూ తెలుగువాళ్లే కదా?

అవును, అదే బాధ. 1936 ఇంగ్లండ్ టూర్‌కి కెప్టెన్ విజయనగరం రాజకుటుంబానికి చెందిన విజ్జీ, అంటే పూసపాటి విజయానంద గజపతి రాజు. ఆటలో సి.కె.తో పోలికే లేదు, కానీ పలుకుబడి, డబ్బు ఆయన దగ్గర ఉన్నాయి. జట్టు వర్గాలుగా చీలిపోయింది, మన ఆల్‌రౌండర్ లాలా అమర్‌నాథ్‌ని మధ్యలోనే ఇంటికి పంపేశారు, సిరీస్ 2-0తో పోయింది. అంత గందరగోళంలో కూడా ఓవల్ టెస్ట్‌లో ఇంగ్లండ్ బౌలర్ గబ్బీ అలెన్ వేసిన బాల్ ఛాతీకి బలంగా తగిలితే సి.కె. తమాయించుకుని నిలబడి 81 కొట్టారు. ఆయన టెస్టుల్లో అదే అత్యధిక స్కోరు, అదే చివరి టెస్ట్ కూడా. అప్పటికి ఆయనకి 40 దాటాయి.

కల్నల్ అంటారు, మిలిటరీలో పనిచేశారా?

బ్రిటిష్ ఆర్మీ కాదు, హోల్కర్ సంస్థాన సైన్యం. హోల్కర్ మహారాజు ఆయన్ని ఇండోర్ రప్పించి తన సైన్యంలో హోదా ఇచ్చారు, అలా కల్నల్ అయ్యారు. సంస్థానాల్లో మంచి ఆటగాళ్లకి ఉద్యోగం, హోదా ఇచ్చి దగ్గర పెట్టుకోవడం అప్పుడు మామూలే. ఆ పెట్టుబడి వృథా పోలేదు, హోల్కర్ జట్టు 1945-46, 1947-48, 1950-51, 1952-53లో నాలుగుసార్లు రంజీ ట్రోఫీ గెలిచింది.

అరవై దాటాక కూడా రంజీ ఆడారా, లేక ఊరికే చెప్తారా?

ఆడారు. 1956-57 సీజన్‌లో ఉత్తరప్రదేశ్ తరఫున రంజీ ఆడేటప్పటికి 61 ఏళ్లు. ఆ 1956లోనే పద్మభూషణ్ వచ్చింది, క్రికెటర్లలో మొదట అందుకున్నది ఆయనే. ఇక 1963-64లో విరాళాల కోసం పెట్టిన మ్యాచ్‌లో 68 ఏళ్ల వయసులో మళ్లీ బ్యాట్ పట్టారు. ఫిట్‌నెస్ అంటే ఆయనకి పిచ్చి, జట్టులో కుర్రాళ్ల దగ్గర కూడా చాలా స్ట్రిక్ట్.

## కొఠారి కుటుంబం

సి.ఎస్. నాయుడు ఎవరు? సి.కె. కొడుకా?

కొడుకు కాదు, తమ్ముడు. కొఠారి సుబ్బన్న నాయుడు, 1914లో నాగపూర్‌లోనే పుట్టారు. అన్నకీ ఈయనకీ పద్దెనిమిదిన్నర ఏళ్ల తేడా ఉంది, అందుకే తండ్రీకొడుకులు అనుకుంటారు. లెగ్ స్పిన్, గూగ్లీ వేసేవారు. 1934 జనవరిలో కలకత్తా టెస్ట్‌లో, అన్న కెప్టెన్సీలోనే, 19 ఏళ్లకి టెస్టుల్లోకి వచ్చారు. 2002లో ఇండోర్‌లో పోయారు.

సి.ఎస్. 11 టెస్టుల్లో 2 వికెట్లేనా? మరి అన్ని టెస్టులు ఎలా ఆడించారు?

అవును, 2 వికెట్లే. కానీ ఫస్ట్‌క్లాస్‌లో 647 వికెట్లు తీసిన మనిషి. 1942-43లో బరోడా తరఫున 40 వికెట్లు తీశారు, రంజీలో ఒక సీజన్‌లో 40 తీసిన మొదటి బౌలర్ ఆయనే. దేశంలో అంత బాగా వేస్తుంటే సెలెక్టర్లు తీసుకోకుండా ఎలా ఉంటారు.

ఆయన పేరు మీద ఇంకో రికార్డు ఉంది, వింటేనే చేతులు నొప్పి పుడతాయి. 1944-45 రంజీ ఫైనల్, బొంబాయి మీద హోల్కర్. రెండు ఇన్నింగ్స్‌ల్లో కలిపి 152.5 ఓవర్లు వేశారు, అంటే 917 బంతులు, ఒక ఫస్ట్‌క్లాస్ మ్యాచ్‌లో ఒకే బౌలర్ వేసిన వాటిలో ప్రపంచ రికార్డు. 428 పరుగులిచ్చి 11 వికెట్లు. బొంబాయి 462, 764 కొట్టింది, హోల్కర్ 360, 492 కొట్టి 374 తేడాతో ఓడిపోయింది. ఇచ్చిన 428 పరుగులు చూసి నవ్వేవాళ్లు ఉంటారు, ఆ ఎండలో అన్ని ఓవర్లు వేసి కూడా ఇంకా బాల్ ఇవ్వండి అన్న మనిషిని చూడాలి కదా.

ఆ కుటుంబంలో ఇంకెవరు ఆడారు?

ఇంకో తమ్ముడు సి.ఎల్. నాయుడు కూడా ఫస్ట్‌క్లాస్ ఆడారు. ఇనిషియల్ అందరికీ సి అనే ఉంటుంది చూశారా, కొఠారి అన్నమాట. పాత స్కోర్‌కార్డ్‌లో నాయుడు కనిపిస్తే ముందు ఆ మొదటి అక్షరం చూడండి, ఈ ఇంటివాళ్లో కాదో సగం అక్కడే తేలిపోతుంది.

చంద్ర నాయుడు అంటే ఎవరు?

సి.కె. కూతురు. మన దేశంలో మొదటి మహిళా క్రికెట్ కామెంటేటర్‌గా ఆమెకి పేరు. 1977లో ఇండోర్‌లో బొంబాయి, ఎం.సి.సి. మధ్య జరిగిన మ్యాచ్‌కి కామెంటరీ చెప్పారు. వృత్తిరీత్యా ఇంగ్లీష్ లెక్చరర్. 2021 ఏప్రిల్‌లో ఇండోర్‌లో కన్నుమూశారు. ఇప్పుడు టీవీలో ఆడవాళ్ల గొంతు వినిపించడం మామూలైపోయింది, అప్పుడు ఒక్కరే మైక్ ముందు కూర్చోవడం ఎలా ఉండేదో ఊహించుకోండి. మన దగ్గర ఆమె పేరు తెలిసినవాళ్లు చాలా తక్కువ, ఇది నిజంగా బాధ కలిగించే విషయం.

సరోజినీ నాయుడు వీళ్ల బంధువేనా?

కాదు. ఆమె పుట్టింది హైదరాబాద్‌లో స్థిరపడిన బెంగాలీ ఛటోపాధ్యాయ కుటుంబంలో, డాక్టర్ గోవిందరాజులు నాయుడుని పెళ్లి చేసుకోవడంతో నాయుడు అయ్యారు. కొఠారి కుటుంబానికీ దానికీ లింకు లేదు.

## వేరే నాయుళ్లు, నాయుడు అనిపించేవాళ్లు

బుచ్చిబాబు ట్రోఫీలో బుచ్చిబాబు కూడా నాయుడేనా?

అవును, బుచ్చిబాబు నాయుడు, మద్రాస్ తెలుగాయన, సి.కె. కుటుంబం కాదు. తెల్లవాళ్ల క్లబ్బులో మనవాళ్లని దగ్గరికి రానివ్వని రోజుల్లో మద్రాస్ యునైటెడ్ క్లబ్ పెట్టి మనవాళ్లకి ఆట నేర్పించారు. మద్రాస్‌లో ఇండియన్లకీ యూరోపియన్లకీ మధ్య ప్రెసిడెన్సీ మ్యాచ్ కోసం పాటుపడి, 1908లో అది జరగబోయే ముందే చనిపోయారు. ఆయన పేరు మీద టోర్నమెంట్ ఇప్పటికీ నడుస్తోంది, 2024లో హైదరాబాద్ గెలిచింది.

కోట రామస్వామి బుచ్చిబాబు కొడుకు అంటారు, మరి పేరులో నాయుడు ఏది?

కొడుకే. రికార్డుల్లో సి. రామస్వామి అని ఉంటుంది, ఆ సి అంటే కోట. అన్న బాలయ్య ఇనిషియల్ ఎం. మన ఇళ్లల్లో దత్తత వెళ్తే ఇంటిపేరు మారుతుంది కదా, అందుకని ఇనిషియల్ వేరైనంత మాత్రాన అన్నదమ్ములు కారని అనుకోవద్దు. ఈయనది అసలు వింత కెరీర్. 1922లో ఇండియా తరఫున డేవిస్ కప్ టెన్నిస్ ఆడారు, తర్వాత 1936లో 40 ఏళ్ల వయసులో మాంచెస్టర్‌లో టెస్ట్ క్రికెట్‌లోకి వచ్చి 40, 60 కొట్టారు. 2 టెస్టుల్లో 170 పరుగులు, యావరేజ్ 56 దాటింది. 1985లో ఒకరోజు ఇంట్లోంచి బయటికి వెళ్లి తిరిగి రాలేదు. అంత ఆడిన మనిషి ఏమయ్యాడో ఎవరికీ తెలియకుండా పోవడం తలుచుకుంటే ఇప్పటికీ మనసు బరువెక్కుతుంది.

అంబటి రాయుడు ఈ లిస్టులోకి వస్తాడా?

రాడు. ఇంటిపేరు అంబటి, పేరు తిరుపతి రాయుడు, గుంటూరు అబ్బాయి. 55 వన్డేలు, 1,694 పరుగులు, ముంబైతో మూడు, చెన్నైతో మూడు కలిపి ఆరు ఐపీఎల్ టైటిళ్లు. టీవీ వాళ్లు రాయుడు రాయుడు అని పిలవడంతో అదే సర్‌నేమ్ అని అంతా ఫిక్స్ అయిపోయారు.

కోడి రామ్మూర్తి నాయుడు క్రికెటరా?

కాదండి, మల్లయోధుడు. ఇంటిపేరు కోడి, ఊరు వీరఘట్టం. ఛాతీ మీద ఏనుగుని నిలబెట్టుకోవడం, ఉక్కు గొలుసులు తెంచడం, కదిలే కార్లని రెండు చేతులతో ఆపడం లాంటి ప్రదర్శనలు ఇచ్చేవారు, సొంతంగా సర్కస్ కూడా నడిపారు. కలియుగ భీముడు అనేవాళ్లు. 1942లో ఒరిస్సాలో పోయారు. శ్రీకాకుళంలో స్టేడియానికి ఆయన పేరు ఉంది, విశాఖ బీచ్ రోడ్డులో విగ్రహం ఉంది, అటు వెళ్లినప్పుడు ఒక నిమిషం ఆగి చూడండి.

## వెతికేవాళ్లకి, క్విజ్ రాసేవాళ్లకి

సి.కె. నాయుడు ట్రోఫీ, సి.కె. నాయుడు అవార్డు రెండూ ఒకటేనా?

వేర్వేరు. ట్రోఫీ అంటే రాష్ట్రాల అండర్-23 జట్ల టోర్నమెంట్, కల్నల్ సి.కె. నాయుడు ట్రోఫీ అంటారు. అవార్డు అంటే బోర్డు ఇచ్చే జీవిత సాఫల్య పురస్కారం, 1994లో మొదలైంది, మొదట అందుకున్నది లాలా అమర్‌నాథ్. 2025 ఫిబ్రవరిలో సచిన్‌కి ఇచ్చారు. క్విజ్‌లో ఈ రెండూ కలిపి తికమక పెడతారు, జాగ్రత్త.

ఆయన మీద స్టాంపు వచ్చిందా?

వచ్చింది, 1996లో. దేవధర్, వినూ మన్కడ్, విజయ్ మర్చంట్‌లతో కలిపి నలుగురు క్రికెటర్ల సెట్‌గా తపాలా శాఖ తెచ్చింది.

పాత రికార్డుల్లో మన ఆటగాళ్లని వెతికితే దొరకట్లేదు, ఎలా వెతకాలి?

చివరి పేరుతో వెతికితే రాయుడు, నాయుడు, రెడ్డి, రావు, రాజు అని వందమంది వచ్చి పడతారు. ఇనిషియల్ పట్టుకోండి, అందులోనే ఇంటిపేరు దాక్కుని ఉంటుంది. వి.వి.ఎస్. లక్ష్మణ్‌లో మొదటి వి వంగిపురపు, పి.వి. సింధులో పి పూసర్ల. పాత పేర్లయితే క-కారానికి సి, కె రెండూ పెట్టి చూడండి, నాయుడుకి వై ఉన్నదీ ఐ ఉన్నదీ రెండూ ప్రయత్నించండి. ఊరి పేర్లు కూడా పాత స్పెల్లింగ్‌లో కొట్టాలి, విజయనగరం, మచిలీపట్నం లాంటివి ఇప్పటి స్పెల్లింగ్‌తో కొడితే పాత పేపర్లలో దొరకవు.